హాటీ మెక్‌డానియల్‌కు ఇరవై ఏళ్ల ముందే ఒక కథానాయిక: ఎవెలిన్ ప్రీర్

అడిగిన ప్రశ్న: "అమెరికన్ సినిమాలో నల్లజాతి నటి అనగానే ‘గాన్ విత్ ద విండ్’లో దాసి వేషం వేసిన హాటీ మెక్‌డానియల్ పేరే చెబుతారు. అంతకుముందు నల్లజాతి నటీమణులకు కథానాయిక పాత్రలే దొరకలేదా? హాలీవుడ్ బయట తీసిన సినిమాల్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల వృత్తి జీవితం ఎలా సాగేది?"

దొరికాయి. హాటీ మెక్‌డానియల్ ఆస్కార్ అందుకున్నది 1940 ఫిబ్రవరిలో. అంతకు ఇరవై ఒక్క ఏళ్ల ముందు, 1919 ఫిబ్రవరిలో, షికాగోలోని ఒక సైనిక దళం భవనంలో ‘ది హోమ్‌స్టెడర్’ అనే ఎనిమిది రీళ్ల సినిమా విడుదలైంది. కథ రాసింది, పెట్టుబడి పోగుచేసింది, సినిమా తీసింది ఆస్కార్ మిషో అనే నల్లజాతి రచయిత. ఆఫ్రికన్ అమెరికన్ ఒకరు తీసిన మొదటి పూర్తి నిడివి చిత్రంగా చరిత్రకారులు దాన్నే చెబుతారు. అందులో ఒర్లీన్ అనే ముఖ్యపాత్ర వేసిన అమ్మాయికి అప్పటికి ఇరవై రెండేళ్లు. ఆమె పేరు ఎవెలిన్ ప్రీర్. మీ మూడు ప్రశ్నలకూ ఆమె జీవితమే సరైన జవాబు కాబట్టి ఆమె గురించే వివరంగా రాస్తాను. చాలా ఏళ్లుగా మూకీ సినిమాల చరిత్ర బోధిస్తున్నాను. విద్యార్థులు ప్రతిసారీ తడబడే చోట్లు నాకు తెలుసు, అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ఒక మాట. ఆమె కథను "హాలీవుడ్ అవకాశం ఇవ్వక మరుగున పడిపోయిన నటి" అని రెండు ముక్కల్లో చెప్పేవాళ్లు చాలామంది. అది సగం నిజం. హాలీవుడ్ దయ లేకుండానే ఆమె పదమూడేళ్లపాటు నటన మీదే బతికింది, తన ప్రేక్షకుల మధ్య పెద్ద తారగా వెలిగింది. నల్లజాతి పత్రికలూ ప్రేక్షకులూ ఆమెను ‘వెండితెర ప్రథమ మహిళ’ అని పిలుచుకున్నారు. అది ఎలా సాధ్యమైందో తెలుసుకోకుండా, చివర్లో హాలీవుడ్‌లో దొరికిన నాలుగు చిన్న వేషాలను చూసి ఆమెను కొలిస్తే అన్యాయం చేసినట్టే.

ఆమె 1896లో మిసిసిపి రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో ఎవెలిన్ జార్విస్‌గా పుట్టింది. తండ్రి పోయాక తల్లి ఆమెను తీసుకుని షికాగో చేరింది. దక్షిణాది నుంచి లక్షల మంది నల్లజాతి జనం ఉత్తరాది నగరాలకు వలస వెళ్లిన కాలమది. కొలిమి దగ్గరో, మాంసం ఫ్యాక్టరీలోనో, రైల్లో కూలీగానో పని దొరికేది, వారం చివర చేతిలో కాస్త డబ్బు మిగిలేది. ఆ డబ్బుతో సినిమాకు వెళ్తే? దక్షిణాదిలో పై బాల్కనీలోకి తోసేవాళ్లు. ఉత్తరాదిలో కూడా చాలాచోట్ల మర్యాద అంతంత మాత్రమే. పైగా తెర మీద కనిపించే నల్లవాడు మొహానికి మసి పూసుకున్న తెల్ల నటుడు. 1915లో గ్రిఫిత్ అనే తెల్ల దర్శకుడు తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ ఆ ధోరణికి పరాకాష్ఠ. నల్లవాళ్లను స్త్రీలను చెరిచే మృగాలుగా, కు క్లక్స్ క్లాన్ అనే ముసుగులు వేసుకున్న తెల్లజాతి ఉగ్రవాద ముఠాను రక్షకులుగా చూపించి దేశమంతటా కాసులు కురిపించుకున్న సినిమా అది.

దీనికి జవాబుగా, నల్లజాతి ప్రేక్షకుల కోసం, నల్లజాతి నటులతో సినిమాలు రావడం మొదలైంది. వాటిని రేస్ సినిమాలు అనేవారు. నోబుల్ జాన్సన్, జార్జ్ జాన్సన్ అనే అన్నదమ్ముల లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ 1916లో పుట్టింది. మిషో నవలను సినిమాగా తీస్తామని మొదట ముందుకొచ్చింది వాళ్లే. దర్శకత్వం తనకే కావాలని మిషో పట్టుబట్టాడు, బేరం చెడింది. అప్పుడు ఆయన తానే కంపెనీ పెట్టాడు. దక్షిణ డకోటాలో వ్యవసాయం చేసినవాడు, రైల్లో పోర్టరుగా పనిచేసినవాడు, తన నవలలను ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నవాడు ఆయన. అయోవా రాష్ట్రంలోని సూ సిటీ చుట్టుపక్కల తనకు పుస్తకాల ద్వారా పరిచయమైన తెల్ల రైతులకే కంపెనీ వాటాలు అమ్మి పెట్టుబడి పోగుచేశాడు.

ఎవెలిన్ ఆయన కంటపడింది షికాగోలోనే. ఆమె తల్లి భక్తురాలు, పెంతెకొస్తు తరహా సంఘానికి చెందినది. చర్చి నిర్మాణానికి చందాలు పోగుచేయడానికి ఎవెలిన్ వీధి మలుపుల్లో నిలబడి బోధలు చేసేదనీ, నలుగురినీ ఆపి నిలబెట్టే ఆ గొంతే ఆమెను వేదిక ఎక్కించిందనీ ఆమె జీవితం రాసినవాళ్లు చెబుతారు. తర్వాత ఊరూరా తిరిగే వినోద బృందాల్లో పనిచేసింది. అంటే మిషో దగ్గరికి వచ్చేనాటికే జనాన్ని పట్టి ఉంచడం ఆమెకు అలవాటైన పని.

‘ది హోమ్‌స్టెడర్’ ఒక్క అడుగు కూడా మిగలలేదు. అందువల్ల ఆమె నటన గురించి మాట్లాడాలంటే రెండో సినిమా దగ్గరికి రావాలి: ‘విదిన్ అవర్ గేట్స్’, 1920 జనవరిలో షికాగోలో విడుదలైంది. అప్పటికి ఆరు నెలల ముందు ఆ నగరంలో ఏం జరిగిందో తెలియకపోతే ఆ సినిమా తెగువ అర్థం కాదు. 1919 జులై 27న మిషిగన్ సరస్సులో ఈదుతూ తెల్లవాళ్ల వైపు వెళ్లిన పదిహేడేళ్ల యూజీన్ విలియమ్స్ అనే కుర్రాడు రాళ్ల దాడిలో మునిగి చనిపోయాడు. ఆ తర్వాత వారం రోజుల అల్లర్లలో 38 మంది చచ్చిపోయారు, వాళ్లలో 23 మంది నల్లవాళ్లు. పొగ ఇంకా ఆరకముందే మిషో ఒక నల్లజాతి కౌలు రైతు కుటుంబాన్ని గుంపు ఉరితీసే దృశ్యమున్న సినిమాను సెన్సారు ముందు పెట్టాడు. మళ్లీ గొడవలు చెలరేగుతాయని కొందరు, నిజం చూపించాల్సిందేనని కొందరు వాదించుకున్నారు. చివరికి కొన్ని ముక్కలు కోసి అనుమతి ఇచ్చారు. దక్షిణాదిలో కొన్ని థియేటర్ల యజమానులు దాన్ని ముట్టుకోవడానికే ఒప్పుకోలేదు.

ఈ సినిమాలో ఎవెలిన్ పాత్ర పేరు సిల్వియా లాండ్రీ, బడిపంతులమ్మ. దక్షిణాదిలో నల్లజాతి పిల్లల బడి ఒకటి డబ్బులేక మూతపడే స్థితికి వస్తుంది. అయిదు వేల డాలర్లు కావాలి. వాటి కోసం సిల్వియా బోస్టన్ వెళ్తుంది. అక్కడ ఆమె చేతిసంచి దొంగ ఎత్తుకుపోతాడు, డాక్టర్ వివియన్ అనే యువకుడు దాన్ని తిరిగి తెచ్చిస్తాడు. కారు కింద పడబోతున్న పిల్లవాణ్ణి కాపాడబోయి తానే దెబ్బ తింటుంది. ఆ కారు యజమానురాలు ధనికురాలైన ఒక తెల్ల వృద్ధురాలు. ఆమె సాయం చేయాలనుకుంటుంది. దక్షిణాది నుంచి వచ్చిన స్నేహితురాలు అడ్డుపడి, ఆ జనానికి చదువెందుకు, వాళ్ల పాస్టరుకు వంద డాలర్లు పడేస్తే సరిపోతుందని సలహా ఇస్తుంది. వృద్ధురాలు ఆ మాటలకు విసిగి ఏకంగా యాభై వేలు ఇస్తుంది. చివరి భాగంలో సిల్వియా గతం తెలుస్తుంది. ఆమెను పెంచిన జాస్పర్ లాండ్రీ మీద భూస్వామి హత్య నేరం మోపి, అతణ్ణీ భార్యనూ గుంపు చంపేస్తుంది.

ఇప్పుడు ఆ గతం దృశ్యాల దగ్గర ఆగుదాం, ఎందుకంటే ఎవెలిన్ ఎలాంటి నటో తెలిసేది ఇక్కడే. ఒకవైపు ఉరి, శవాలను కాల్చే మంట. మరోవైపు ఇంట్లో ఒంటరిగా చిక్కిన సిల్వియా మీద చచ్చిన భూస్వామి తమ్ముడు ఆర్మండ్ పడతాడు. మిషో ఈ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి కోసి అతికాడు: మంట, గది, మంట, గది. గ్రిఫిత్ తన సినిమాలో తెల్ల కన్యను నల్లవాడి చేతిలోంచి కాపాడటానికి వాడిన పద్ధతి సరిగ్గా ఇదే. అక్కడ ఆ కన్యగా వేసిన తెల్ల నటి లిలియన్ గిష్, ముసుగుదండు వచ్చి విడిపించేదాకా బందీగా అల్లాడుతుంది. ఇక్కడ ఎవరూ రారు. కాపాడాల్సినవాళ్లు బయట కాలిపోతున్నారు. ఎవెలిన్ ఆ గదిలో బల్ల చుట్టూ తిరుగుతూ, వెనక్కి జరుగుతూ, మళ్లీ తిరగబడుతూ ఒంటి బలమంతా పెట్టి పెనుగులాడుతుంది. చేతులు గాల్లోకి ఎత్తి కళ్లు తేలేసే ఆనాటి నాటకపు భంగిమలు ఇక్కడ బాగా తక్కువ. అతణ్ణి తోసినప్పుడు నిజంగా తోస్తుంది, అలసిపోయినప్పుడు భుజాలు దిగజారిపోతాయి. చివరికి ఆమె గుండె మీద ఉన్న మచ్చ చూసి ఆమె తన సొంత కూతురేనని ఆర్మండ్ గుర్తుపట్టి ఆగిపోతాడు. కథగా చూస్తే అది యాదృచ్ఛికం మీద ఆధారపడ్డ మలుపు, విద్యార్థులు అక్కడ పెదవి విరుస్తారు. నేను వాళ్లకు చెప్పేదొకటే. తెల్ల భూస్వాములు నల్లజాతి స్త్రీల మీద తరతరాలుగా చేసిన అత్యాచారం, ఆ సంబంధాల్లో పుట్టిన బిడ్డలు అన్న విషయం అమెరికన్ తెర మీద ఎవరూ ఎత్తనిది. దాన్ని ఆ ఒక్క మచ్చలో చెప్పాడు మిషో. ఆ బరువు మోసింది ఎవెలిన్ ఒళ్లు.

దీని పక్కనే బోస్టన్ దృశ్యాలు చూడండి. అక్కడ ఆమె దాదాపు కదలదు. తల కొంచెం వంచి, మాట్లాడేవాళ్లను పూర్తిగా విని, ఆ తర్వాతే స్పందిస్తుంది. మూకీల్లో ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ‘వింటున్న’ మొహం పెట్టడం చాలా కష్టం. చాలామంది నటులు ఆ క్షణాల్లో కెమెరా కోసం ఏదో ఒకటి చేసేస్తారు. ఆమె చేయదు. ఒకే నటి ఒకే సినిమాలో ఇంత నిదానాన్నీ అంత పెనుగులాటనూ చూపగలిగిందంటే, డబ్బులేక రెండోసారి షాట్ తీయడం కూడా భారమయ్యే నిర్మాణంలో చేసిందంటే, ఆమె ఎంత సిద్ధంగా సెట్‌కు వచ్చేదో ఊహించుకోవచ్చు.

ఒక విమర్శ కూడా దాచకుండా చెప్పాలి. మిషో కథానాయికలు ఎక్కువగా లేత రంగువాళ్లు. ఎవెలిన్ కూడా అంతే. ముదురు రంగు నటులకు హాస్యమో దుష్టత్వమో అప్పగించే అలవాటు రేస్ సినిమాల్లోనూ ఉంది. నల్లజాతి విమర్శకులే దీన్ని గట్టిగా ఎత్తిచూపారు, వాళ్లది న్యాయమైన మాట. అయితే అదే లేత రంగు హాలీవుడ్‌లో ఆమెకు పనికిరాలేదు. తెల్లవాళ్ల కథలో నల్లజాతి స్త్రీ అంటే పనిమనిషి, అది కూడా చూడగానే తెలిసిపోయేలా ఉండాలి. ఈ రెండు కొలతల మధ్య నలిగిన నటీమణులు తర్వాత కూడా ఉన్నారు. 1934లో ‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’ చేసిన ఫ్రెడీ వాషింగ్టన్ వాళ్లలో ఒకరు.

తర్వాత ఆరేడేళ్లలో మిషో సినిమాల్లో ఆమె చేసినవి: ‘ది బ్రూట్’, ‘ది గన్సౌలస్ మిస్టరీ’, ‘డిసీట్’, ‘బర్త్‌రైట్’, ‘ది కాంజర్ వుమన్’, ‘ది డెవిల్స్ డిసైపుల్’, ‘ది స్పైడర్స్ వెబ్’. ఇవేవీ మిగలలేదు. పోస్టర్లు, పత్రికల ప్రకటనలు, సెన్సారు కాగితాలు, కొన్ని ఫొటోలు ఉన్నాయి. ఇలా ఎందుకు జరిగిందని అడుగుతారు. ఆనాటి సినిమాలకు వాడిన నైట్రేట్ ఫిల్మ్ నిప్పంటుకుంటే ఆగదు, అంటుకోకపోయినా కుళ్లి బూడిదవుతుంది. మిషో తీసిన ప్రింట్లు అసలే కొన్ని. అవే ఊరి నుంచి ఊరికి తిరిగి అరిగిపోయేవి. పెద్ద స్టూడియోలకున్నట్టు గోదాములూ ఖజానాలూ ఆయనకు లేవు. ఆయన తీసిన ఇరవైకి పైగా మూకీల్లో ఈనాడు మనకు మిగిలినవి మూడు. మన ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) ప్రింటు కూడా లేని తెలుగువాళ్లకు ఈ నష్టం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

‘విదిన్ అవర్ గేట్స్’ కూడా పోయిందనే అరవై ఏళ్లకు పైగా అనుకున్నారు. స్పెయిన్‌లోని జాతీయ ఫిల్మ్ భాండాగారంలో ‘లా నెగ్రా’ పేరుతో ఒక ప్రింటు బయటపడింది, రాతలన్నీ స్పానిష్‌లో. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని తెప్పించుకుని, ఆ రాతలను తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి, 1993లో పునరుద్ధరణ పూర్తి చేసింది. అంతకు ఏడాది ముందే దాన్ని జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చారు. అందుకే మీరు తెర మీద చదివే వాక్యాల్లో చాలావరకు మిషో రాసిన అక్షరాలు కావు. మొహాలు మాత్రం అవే.

ఇక మీ మూడో ప్రశ్న: జీవనం ఎలా సాగేది? సినిమాల వల్ల కాదు, సినిమాలతో కలిపి. మిషో ఏడాదికి రెండు మూడు సినిమాలు తీస్తే గొప్ప. నటుల ఫొటోలూ కథా పట్టుకుని ఊరూరా తిరిగి థియేటర్ యజమానుల దగ్గర ముందస్తు సొమ్ము తీసుకుని, స్నేహితుల ఇళ్లలో చిత్రీకరించి, మళ్లీ తానే ప్రింటు మోసుకుపోయేవాడు. డబ్బు రాకపోతే తర్వాతి సినిమా లేదు. 1928లో ఆయన దివాలా తీశాడు కూడా. అలాంటి నిర్మాతను నమ్ముకుని ఏ నటీ బతకలేదు. ఎవెలిన్‌ను నిలబెట్టింది లఫాయెట్ ప్లేయర్స్ అనే నాటక సమాజం.

ఈ సమాజం గురించి రాయకుండా ఎవెలిన్ గురించి రాసిన వ్యాసం ఏదైనా అసంపూర్ణమే. 1915లో అనీటా బుష్ అనే నటి న్యూయార్క్‌లో నల్లజాతి వాళ్ల పేట అయిన హార్లెంలో తన పేరుతో ఒక నాటక బృందం మొదలుపెట్టింది. అది కొద్దిరోజులకే లఫాయెట్ థియేటర్‌కు మారి ఆ పేరు తెచ్చుకుంది. అప్పటిదాకా నల్లజాతి నటులంటే పాటలు, నాట్యం, మొహానికి మసి పూసుకున్న హాస్యం. బుష్ వాళ్లచేత గంభీరమైన నాటకాలు ఆడించింది. న్యూయార్క్ పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో తెల్లవాళ్లు ఆడి డబ్బు చేసుకున్న నాటకాలను తెచ్చి, కొద్దిగా కుదించి, వారానికి ఒక కొత్త నాటకం చొప్పున వేసేవారు. చార్లెస్ గిల్పిన్, క్లారెన్స్ మ్యూజ్, ఆ తర్వాత ‘కాసాబ్లాంకా’లో పియానో వాయించే శామ్‌గా ప్రపంచమంతా ఎరిగిన డూలీ విల్సన్, వీళ్లందరూ ఆ బడిలో చదువుకున్నవాళ్లే.

ఎవెలిన్ 1920 ప్రాంతంలో ఈ సమాజంలో చేరింది. వారానికో నాటకం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. రాత్రి ఈ వారం నాటకం ఆడాలి, పగలు వచ్చేవారం నాటకం రిహార్సల్ చేయాలి, మధ్యలో ఆ తర్వాతి నాటకం సంభాషణలు బట్టీపట్టాలి. ఈ వారం మోసపోయిన భార్య, వచ్చేవారం నేరస్థురాలు, ఆపై వారం రాణి. మన సురభి కుటుంబాల్లో పుట్టి పెరిగిన నటులకు తప్ప ఈ ఒత్తిడి మరొకరికి సులభంగా అర్థం కాదు. హాలీవుడ్ తార ఒకరికి జీవితకాలంలో దొరకనన్ని రకాల పాత్రలు ఎవెలిన్‌కు రెండు మూడు సీజన్లలోనే దొరికాయి. ‘విదిన్ అవర్ గేట్స్’ నాటికి సహజంగా ఉన్న శక్తికి ఇక్కడ సాన పట్టారు. మిషో కూడా తన నటుల్లో చాలామందిని ఇక్కడి నుంచే తెచ్చుకునేవాడు. నాటకం చూసి అభిమానులైనవాళ్లు సినిమాకు వచ్చేవాళ్లు, సినిమా చూసినవాళ్లు ఆ ఊళ్లో నాటకం పడితే టికెట్టు కొనేవాళ్లు. ఈ రెండు చక్రాల మీదే ఆమె బండి నడిచింది. అదే సమాజంలోని నటుడు ఎడ్వర్డ్ థాంప్సన్‌ను 1924లో నాటక యాత్ర మధ్యలో టెనసీ రాష్ట్రంలో పెళ్లాడింది.

1923 మేలో షికాగో నుంచి ఎథియోపియన్ ఆర్ట్ ప్లేయర్స్ అనే బృందం బ్రాడ్‌వేకు వచ్చి ఫ్రేజీ థియేటర్‌లో ప్రదర్శనలిచ్చింది. విల్లిస్ రిచర్డ్‌సన్ రాసిన చిన్న నాటకం ఒకటి అందులో ఉంది. ఆఫ్రికన్ అమెరికన్ రచయిత గంభీర నాటకం బ్రాడ్‌వే ఎక్కడం అదే మొదటిసారి. దానితో పాటు ఆడిన ఆస్కార్ వైల్డ్ ‘సలోమే’లో టైటిల్ పాత్ర ఎవెలిన్‌ది. మసి పూసుకున్న తెల్లవాళ్లను నల్లవాళ్లుగా చూడటానికి అలవాటుపడ్డ వీధిలో ఒక నల్లజాతి నటి యూదయ రాకుమారిగా నిలబడింది.

మూడేళ్లు తిరక్కుండానే అదే బ్రాడ్‌వే తన అసలు మొహం చూపించింది. 1926లో డేవిడ్ బెలాస్కో ‘లులు బెల్’ అనే భారీ నాటకం వేశాడు. హార్లెం కథ, వంద మందికి పైగా నటులు, వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. కానీ నాయిక లులు బెల్ పాత్ర లెనోర్ ఉల్రిక్ అనే తెల్ల నటికి రంగు పూసి ఇచ్చారు. ఎవెలిన్‌కు ఒక చిన్న పాత్ర, దానితో పాటు ఉల్రిక్‌కు ఒంట్లో బాగోలేకపోతే ఆమె బదులు నిలబడే బాధ్యత. అంటే నాయిక వేషం మొత్తం కంఠతా వచ్చి, ప్రతి రాత్రీ వేదిక పక్క తెరల చాటున సిద్ధంగా ఉండాలి. ఈ ఉద్యోగాన్ని గొప్ప గుర్తింపుగా రాసే వ్యాసాలు చదివితే నాకు కోపం వస్తుంది. హార్లెం స్త్రీ పాత్రకు హార్లెం నటి ఉండగానే ఆమెను చాటున నిలబెట్టడం గుర్తింపు ఎలా అవుతుంది?

ఆ కాలంలోనే ఆమె గ్రామఫోన్ రికార్డులకు కూడా పాడింది. జాజ్ సంగీతకారులు డ్యూక్ ఎలింగ్టన్ బృందంతో, రెడ్ నికోల్స్‌తో చేసిన రికార్డులున్నాయి. 1927లో ‘రాంగ్ టాంగ్’ అనే సంగీత ప్రదర్శనలో వేషం వేసింది. అదే ఏడాది నల్లజాతి పత్రికల్లో పెద్దదైన ‘పిట్స్‌బర్గ్ కొరియర్’లో తన సినిమా అనుభవాలు స్వయంగా రాసుకుంది. తన గురించి తనే రాయగల స్థాయి అప్పటికే ఆమెకుందని ఇది చెబుతుంది. ఆమె కాలపు పాఠకులు ఆమెను ఎలా చూశారో తెలుసుకోవాలంటే కొరియర్, షికాగో డిఫెండర్ పాత సంచికలకు మించిన చోటు లేదు. తెల్ల పత్రికలను మాత్రమే తిరగేసినవాళ్లకు ఎవెలిన్ అనే నటి ఉన్నట్టే తెలియదు. ఆమె మరుగున పడిందనే మాట పుట్టింది కూడా అక్కడే.

1928లో లఫాయెట్ ప్లేయర్స్ లాస్ ఏంజెలెస్‌కు తరలివచ్చి, సెంట్రల్ అవెన్యూలోని లింకన్ థియేటర్‌లో స్థిరపడ్డారు. ‘రెయిన్’ నాటకంతో మొదలుపెట్టారు, శాడీ థాంప్సన్ అనే వేశ్య పాత్ర ఎవెలిన్‌ది. సినిమా పరిశ్రమ పక్క వీధిలోనే ఉంది, పైగా టాకీలు అప్పుడే వస్తున్నాయి. గొంతు ఉన్న రంగస్థల నటులకు గిరాకీ పెరిగింది. 1929లో అల్ క్రిస్టీ అనే నిర్మాత పారమౌంట్ కోసం రెండు రీళ్ల హాస్య టాకీలు వరుసగా తీశాడు: ‘మెలంకలీ డేమ్’, ‘ది ఫ్రేమింగ్ ఆఫ్ ది ష్రూ’, ‘ఆఫ్ట్ ఇన్ ది సిల్లీ నైట్’ వగైరా. అందరూ నల్లజాతి నటులే. ఎవెలిన్, భర్త ఎడ్వర్డ్, తర్వాత దర్శకుడైన స్పెన్సర్ విలియమ్స్ వాటిలో ఉన్నారు. కథలు మాత్రం ఆక్టేవస్ రాయ్ కోహెన్ అనే తెల్ల రచయితవి. నల్లవాళ్ల మాటతీరును వెక్కిరిస్తూ పత్రికల్లో రాసి పేరు తెచ్చుకున్నవాడు ఆయన.

వీటి గురించి నా అభిప్రాయం ఇది. రాత వెటకారమైనదే, దాన్ని సమర్థించను. కానీ ‘మెలంకలీ డేమ్’లో అసూయతో రగిలే భార్యగా ఎవెలిన్ సంభాషణ పలికే తీరు గమనించండి. ఆ వంకర మాటలను కూడా ఆమె రంగస్థల నటి లెక్కతో, ఎక్కడ ఆగాలో ఎక్కడ విసరాలో తెలిసి పలుకుతుంది. ఆమె గొంతు మనకు వినిపించే కొద్ది చోట్లలో అదొకటి. అయితే ‘సలోమే’, ‘శాడీ థాంప్సన్’ ఆడిన నటికి పెద్ద స్టూడియో ఇవ్వగలిగింది ఇదేనన్నది మరిచిపోకూడదు. డబ్బు, పంపిణీ పెరిగాయి, పాత్ర కుంచించుకుపోయింది. స్వతంత్ర సినిమాలో పైకప్పు కారుతున్నా గది ఆమెదే.

ఆ తర్వాత హాలీవుడ్‌లో దొరికినవి చిన్న వేషాలు. ‘లేడీస్ ఆఫ్ ది బిగ్ హౌస్’ (1931)లో జైల్లోని ఖైదీ. జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బర్గ్ తీసిన ‘బ్లాండ్ వీనస్’ (1932)లో ఒక చిన్న పాత్ర. ఆ సినిమాలోనే హాటీ మెక్‌డానియల్ కూడా పేరు వేయని చిన్న వేషంలో కనిపిస్తుంది. మీ ప్రశ్నలోని నటి, నా జవాబులోని నటి ఒకే సినిమాలో ఉన్నారన్నమాట. ఒకామె ప్రయాణం అక్కడ మొదలవుతోంది, ఇంకొకామెది ముగుస్తోంది.

1932 ఏప్రిల్‌లో ఎవెలిన్‌కు కూతురు పుట్టింది. కాన్పు తర్వాత ఆరోగ్యం కుదుటపడలేదు. ఆ నవంబరులో రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా సోకి లాస్ ఏంజెలెస్‌లో చనిపోయింది. ముప్పై ఆరేళ్లు. ఆ జబ్బుకు అప్పటికి పెన్సిలిన్ మందు అందుబాటులో లేదు. ఆర్థిక మాంద్యంలో లఫాయెట్ ప్లేయర్స్ కూడా అదే ఏడాది మూతపడ్డారు. మిషో టాకీలు తీస్తూనే ఉన్నాడు గానీ ఆయనకు ఎవెలిన్ లాంటి నటి మళ్లీ దొరకలేదని నా నమ్మకం. ఆయన తొలి టాకీ ‘ది ఎగ్జైల్’ (1931)లో కథానాయిక పక్కన ఎవెలిన్‌ను ఊహించుకుంటే తేడా తెలిసిపోతుంది.

కూతురు ఎడీవ్‌ను తండ్రి తరఫు వాళ్లు ఇండియానాపొలిస్‌లో పెంచారు. ఆమె ఫ్రాన్సిస్కన్ సన్యాసినియై సిస్టర్ ఫ్రాన్సెస్కా థాంప్సన్‌గా పేరు తెచ్చుకుంది, నాటకశాస్త్ర ఆచార్యురాలైంది, ఫోర్డమ్ విశ్వవిద్యాలయంలో పనిచేసింది. ఆమె మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసింది దేని మీదో తెలుసా? లఫాయెట్ ప్లేయర్స్ చరిత్ర మీద. ఊహ తెలియని వయసులో పోగొట్టుకున్న తల్లి పనిచేసిన సమాజాన్ని, అప్పటికి బతికున్న నటులను కలిసి వాళ్ల నోటే విని, కాగితం మీద నిలబెట్టింది. ఈనాడు ఆ సమాజం గురించి ఎవరు రాసినా ఆ పరిశోధన దాటి పోలేరు.

మీరు ఇంకా లోతుగా వెళ్లాలనుకుంటే ‘విదిన్ అవర్ గేట్స్’తో మొదలుపెట్టండి. హక్కుల కాలం తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పునరుద్ధరించిన ప్రతినే ఎంచుకోండి. నిడివి గంటా ఇరవై నిమిషాల లోపే. మొదటి అరగంటలో పాత్రలు ఎక్కువ, ఎవరు ఎవరికి ఏమవుతారో తికమకగా ఉంటుంది. కొంత మిషో కథనం వల్ల, కొంత సెన్సారు కోతల వల్ల. అక్కడ ఆగిపోకండి, చివరి ఇరవై నిమిషాల కోసమైనా పూర్తిగా చూడండి. తర్వాత ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’లో లిలియన్ గిష్‌ను గదిలో బంధించిన ఘట్టం ఒక్కటి వేసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. ఎవెలిన్ గొంతు కోసం ‘మెలంకలీ డేమ్’. ఆమె తరం ఇతర నటీమణుల కోసం, మిషోదే ‘ది సింబల్ ఆఫ్ ది అన్‌కాంకర్డ్’లో ఐరిస్ హాల్‌ను చూడండి, అది బెల్జియంలో దొరికిన ప్రింటు. మూకీ ప్రతులకు ఇప్పుడు జతచేసే సంగీతం ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉంటుంది, కొన్నింటిలో మరీ గట్టిగా ఉండి దృశ్యాన్ని నడిపేస్తుంది. గది ఘట్టాన్ని ఒకసారి సంగీతం పూర్తిగా ఆపేసి చూడమని మాత్రం తప్పకుండా చెబుతాను.